లక్ష కోట్ల మంది ఎవరి పిల్లలు?

2026 నవంబరు 13, శుక్రవారం నాటికి భూమ్మీద జనాభా అనంతమవుతుందని 1960లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసింది ఊరికే జోస్యాలు చెప్పేవాళ్ళు కాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే హైన్జ్ ఫాన్ ఫోయర్‌స్టర్, ఆయన సహచరులిద్దరు. గడిచిన రెండు వేల ఏళ్ల జనాభా అంచనాలను పోగేసి, వాటికి సరిపోయే సూత్రం ఒకటి కట్టారు. జనం పెరిగేకొద్దీ ఆ పెరిగే వేగం కూడా పెరుగుతుందన్నది దాని సారం. గతానికి అది చక్కగా అతికింది. దాన్నే ముందుకు సాగదీస్తే ఆ శుక్రవారం దగ్గర గీత నిట్టనిలువుగా లేచిపోయింది. నవంబరు 13 ఫోయర్‌స్టర్ పుట్టినరోజు కూడా, కాబట్టి అందులో కొంత కొంటెతనం ఉందనే అనుకోవాలి. లెక్కలో మాత్రం కొంటెతనం లేదు. 1990లో కూడా అసలు జనాభా ఆ సూత్రం చెప్పిన దానికంటే కాస్త ఎక్కువే ఉంది.

అయితే ఆ వ్యాసం వచ్చిన పదేళ్లలోపే మరొకటి జరిగింది. ప్రపంచ జనాభా వృద్ధి రేటు ఏడాదికి 2 శాతం దాటి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టింది. ఇప్పుడు 1 శాతం కూడా లేదు. జనాభా మొత్తం పెరుగుతూనే ఉన్నందువల్ల ఆ దిగడం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

ఈ పాత కథ ఇప్పుడు ఎందుకంటే, ఈమధ్య మా మేనల్లుడు ఒక వీడియో పంపించాడు. సౌర కుటుంబంలో మనుషులు లక్ష కోట్ల మంది ఉండే రోజు వస్తుందని అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ చెప్పిన మాటల చుట్టూ అల్లిన వీడియో అది. అంతమంది ఉంటే వెయ్యి మంది మొజార్టులు, వెయ్యి మంది ఐన్‌స్టీన్లు ఉంటారని కూడా ఆయన అన్నాడు. లక్ష కోట్లు అనేసరికి మనకు ఏ బడ్జెట్టో కుంభకోణమో గుర్తొస్తుంది గానీ, ఇక్కడ లెక్క మనుషులది. ఆ వీడియో చూస్తున్నంతసేపూ నాకు ఒకే అనుమానం. అంతమందికి సరిపడా చోటు ఎక్కడుందో, ఎండ ఎక్కడి నుంచి వస్తుందో, లోహాలు ఏ గ్రహశకలాల్లో ఉన్నాయో వివరంగా చెప్పారు. ఆ పిల్లల్ని కనేది ఎవరో మాత్రం ఎక్కడా చెప్పలేదు.

భూమి విషయంలో జనాభా అంచనా వేయడమంటే ఒక పద్ధతి. అంతరిక్షం విషయంలో వేస్తున్నది అంచనానే కాదని నా అభిప్రాయం. అది కల్యాణమండపంలో ఎన్ని కుర్చీలు పడతాయో లెక్కపెట్టి, పెళ్ళికి అంతమంది వస్తారని చెప్పడం.

ఉన్నవాళ్ళను లెక్కపెట్టడమే కష్టం

నేను బడిపంతులుగా పనిచేసిన వాడిని. 2011 జనగణనలో అందరు పంతుళ్ళలాగే నాకూ ఎన్యూమరేటర్ డ్యూటీ పడింది. ఫిబ్రవరి 9 నుంచి నెలాఖరు దాకా ఇల్లిల్లూ తిరగాలి, మార్చి మొదటి వారంలో మళ్ళీ వెళ్ళి సవరించాలి. 2011 మార్చి 1, సున్నా గంటల వేళకు దేశంలో ఎంతమంది ఉన్నారన్నది ప్రశ్న. ఆ క్షణానికి ముందు పుట్టిన బిడ్డ లెక్కలోకి వస్తుంది, తర్వాత పుట్టినది రాదు. చనిపోయినవారికీ అదే నియమం.

నాకు కేటాయించిన వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. కొడుకూ కోడలూ మనవరాలూ అమెరికాలో. వాళ్ళ పేర్లు కూడా రాయమంది. రాయకూడదమ్మా, ఇక్కడ ఉండేవాళ్ళనే రాయాలన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. “వాడి పేరు రేషన్ కార్డులో ఉంది, ఓటరు జాబితాలో ఉంది, ఈ ఇంటి పన్ను వాడు కడుతున్నాడు. నీ కాగితంలో లేకపోవడమేమిటి నాయనా?” అంది. సమాధానం నా దగ్గర లేదు. నియమం మాత్రం ఉంది. ఆ ఇంట్లో ‘1’ అని రాసుకుని బయటికి వచ్చాను. సవరణ రౌండులో వెళ్ళినప్పుడు ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది గానీ కూర్చోమనలేదు.

ఆ తర్వాత జరగాల్సిన 2021 జనగణన జరగలేదు. తదుపరి లెక్కకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. 2023లో మనం చైనాను దాటామని ప్రపంచమంతా చెప్పుకున్నప్పుడు కూడా, ఆ దాటడం ఐక్యరాజ్యసమితి అంచనాల్లో జరిగిందే తప్ప ఎవరో తలలు లెక్కపెట్టి చెప్పింది కాదు. ప్రపంచంలోకెల్లా ఎక్కువ జనం ఉన్న దేశంలో ఇవాళ ఎంతమంది ఉన్నారన్నదే అంచనా. అలాంటప్పుడు అంగారకుడి మీద పదిలక్షల మంది అని ఎవరైనా ధీమాగా చెబితే నాకు ఆ పెద్దావిడ గుర్తొస్తుంది. వెళ్ళినవాళ్ళు ఏ కాగితంలో ఉంటారు?

అర బిడ్డ తేడా

జనాభా శాస్త్రజ్ఞులను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ పద్ధతి నిజానికి చాలా నిజాయతీగలది. ప్రతి వయసు వర్గంలో ఎంతమంది ఉన్నారో చూస్తారు. ఏడాది గడిచేసరికి అందులో ఎంతమంది మిగులుతారో, పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలకు ఎంతమంది పుడతారో, ఎంతమంది వలస వస్తారో పోతారో లెక్కవేసి, మొత్తం పట్టికను ఒక మెట్టు ముందుకు జరుపుతారు. పాతికేళ్ల తర్వాత తల్లులు కాబోయేవాళ్ళు ఇవాళే పుట్టి ఉన్నారు కాబట్టి, పాతికేళ్ల దాకా ఈ లెక్క పెద్దగా తప్పదు. 1950ల చివర్లో ఐక్యరాజ్యసమితి 2000 నాటికి జనాభా 600 కోట్లు దాటుతుందని చెప్పింది. దాటింది. కంప్యూటర్లు సరిగ్గా లేని రోజుల్లో, నలభై ఏళ్ల ముందు చెప్పిన మాట అది.

ఇబ్బందల్లా పాతికేళ్లు దాటాక. అప్పుడు తల్లులయ్యేది ఇంకా పుట్టనివాళ్ళు. వాళ్ళ మనసులో ఏముంటుందో ఏ పట్టికా చెప్పదు. ఐక్యరాజ్యసమితి 2024లో వెలువరించిన అంచనా ప్రకారం జనాభా 2080ల మధ్యలో సుమారు 1,030 కోట్లకు చేరి, ఆపైన మెల్లగా దిగుతుంది. అదే సంస్థ 2017లో 2100 నాటికి 1,120 కోట్లు ఉంటారని, అప్పటికీ పెరుగుతూనే ఉంటారని అంది. ఏడేళ్లలో వంద కోట్లు ఎగిరిపోయాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో వేరే లెక్క వేశారు. 2064లోనే 970 కోట్ల దగ్గర శిఖరం, 2100కి 880 కోట్లు. ఎవరిది సరైనదో తేలడానికి మనమెవరమూ ఉండం.

ఐక్యరాజ్యసమితి ఎక్కువ, తక్కువ అని మరో రెండు గీతలు కూడా గీస్తుంది. ప్రతి స్త్రీకి సగటున అర బిడ్డ తక్కువైతే 2100లో 700 కోట్ల దగ్గర ఉంటాం. అర బిడ్డ ఎక్కువైతే 1,400 కోట్లు దాటతాం. మధ్యలో ఉన్న తేడా ఇవాళ్టి ప్రపంచ జనాభాలో ముప్పాతిక వంతుకు పైనే. ఇంతకీ ఆ అర బిడ్డ ఎక్కడ తేలుతుందంటే వంటింట్లో, పడకగదిలో, స్కూలు ఫీజు కట్టే వరుసలో తేలుతుంది.

వీడియో పంపిన మా మేనల్లుడి సంగతే చూడండి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్యదీ ఉద్యోగమే, ఒక్కడే కొడుకు. పండక్కి వచ్చినప్పుడు మా అక్క ఊరుకోకుండా రెండోవాడి సంగతి ఎత్తింది. “ఒక్కడి ఎల్‌కేజీ ఫీజుకే అప్పు చేయాల్సి వస్తోంది మామయ్యా, అమ్మకు మీరైనా చెప్పండి” అని నన్ను సాక్షిగా లాగాడు. కోడలు మాట్లాడలేదు. సాయంత్రం వరండాలో కూర్చున్నప్పుడు మాత్రం, “ఫీజు సంగతి ఆయనకు. నాకైతే ఇంకో మూడేళ్లు ఉద్యోగం మానేయాల్సి వస్తుంది బాబాయ్‌గారూ” అంది. ఆ అమ్మాయి చెప్పింది గణితంలో పెట్టగలిగితే జనాభా శాస్త్రంలో సగం సమస్యలు తీరతాయి.

మన దగ్గర జరిగిందేమిటి

ఈ విషయంలో తెలుగువాళ్ళ అనుభవం ప్రపంచానికి పాఠం చెప్పగలిగినంతది. చదువు పెరిగితే, ఆదాయం పెరిగితే, స్త్రీలు ఉద్యోగాల్లోకి వస్తే పిల్లలు తగ్గుతారని పుస్తకాల్లో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వరుస తలకిందులైంది. స్త్రీల అక్షరాస్యత అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లోనే పిల్లలు తగ్గిపోయారు. 1992-93 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేకు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. తరానికి తరం నిలబడాలంటే 2.1 కావాలి.

ఇది ఎలా జరిగిందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. పదిహేడు, పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవై మూడు, ఇరవై నాలుగు నిండేసరికి ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్. ఆ 2019-21 సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. నేను పనిచేసిన బడుల్లో తల్లులు సంతకం పెట్టలేక వేలిముద్ర వేసేవారు. ఇద్దరు చాలన్న నిర్ణయం మాత్రం వాళ్ళు ఏనాడో తీసుకున్నారు. ‘చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం’ అని ఆరోగ్య కేంద్రం గోడ మీద రాసినందుకు తీసుకున్నారని నేననుకోను. పెద్ద కుటుంబంలో పుట్టి, ఆ ఇంట్లో కంచంలో ఎంత పడేదో చూసి తీసుకున్నారు.

ఇక ప్రభుత్వం సంగతి. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో చట్టం తెచ్చిన రాష్ట్రమే, 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బహిరంగంగా చెబుతున్నారు. గతంలో కుటుంబ నియంత్రణను గట్టిగా నడిపించిందీ ఆయన ప్రభుత్వమే. పెద్దమనిషి మాట మార్చాడని కొందరు నవ్వుతున్నారు గానీ నాకు అందులో నవ్వు కనిపించదు. ముప్పై ఏళ్లలో ఒక సమస్య తిరగబడి దాని వ్యతిరేక సమస్య అయింది, అంతే. పంచాయతీలో సర్పంచి పదవి పోతుందంటే మూడో బిడ్డను వద్దనుకున్నవాళ్ళు ఉండవచ్చు. పదవి వస్తుందంటే మూడో బిడ్డను కనేవాళ్ళు ఎంతమంది?

దక్షిణ కొరియా ఈ ప్రశ్నకు జవాబు చెప్పి చాలాకాలమైంది. బోనసులిచ్చారు, సెలవులిచ్చారు, శిశు సంరక్షణ కేంద్రాలు తెరిచారు. 2023లో అక్కడ స్త్రీకి సగటున 0.72 బిడ్డ. రాజధాని సియోల్‌లో అయితే 0.55. 2015 తర్వాత ఐక్యరాజ్యసమితి అంచనాల్లో కొరియా రేటు ఇక్కడి నుంచి మెల్లగా పైకి లేస్తుందని గీత గీయడం, 2023 దాకా ఏటా అది ఇంకా దిగిపోవడం. ఫోయర్‌స్టర్ పెరుగుదల ఆగదనుకున్నాడు, వీళ్ళు తగ్గుదల ఆగుతుందనుకున్నారు.

కుర్చీల లెక్క

ఇప్పుడు అంతరిక్షానికి వద్దాం. ప్రిన్స్‌టన్ భౌతికశాస్త్రజ్ఞుడు జెరార్డ్ ఓనీల్ 1974లో ‘ఫిజిక్స్ టుడే’ పత్రికలో అంతరిక్ష ఆవాసాల ప్రతిపాదన రాశాడు. తమ చుట్టూ తాము తిరిగే పెద్ద పెద్ద గొట్టాలు, లోపలి గోడ మీద నేల, చెట్లు, ఇళ్ళు. తిరిగే వేగం వల్ల కాళ్ళ కింద బరువు. పెద్ద గొట్టం పొడవు 32 కిలోమీటర్లు. అందులో లక్షల నుంచి కోట్ల మంది దాకా పట్టవచ్చన్నాడు. మొదటి చిన్న ఆవాసం పదివేల మందితో 1988 నాటికి సాధ్యమని పట్టికలో వేశాడు. మరుసటి ఏడాది నాసా ఏమ్స్ కేంద్రంలో జరిగిన అధ్యయనం కూడా పదివేల మందికే చక్రం ఆకారంలో నమూనా గీసింది. ఇంజనీరింగ్‌గా అవి అందమైన లెక్కలు. ఉక్కు ఎంత బలం ఆపుతుందో, అద్దాలు ఎంత ఎండ తిప్పగలవో అన్నీ ఉన్నాయి.

భూమి మీద జనం ఎక్కువైపోతున్నారన్న భయం ఆ రోజుల్లో గాలిలో ఉంది. జనాన్ని పైకి పంపి కిందివాళ్ళకు ఊపిరి పోయవచ్చన్న ఊహ అప్పటిదే. ఇప్పుడు ఆ లెక్క వేసి చూద్దాం. భూమ్మీద ఏడాదికి సుమారు 13 కోట్ల మంది పుడుతున్నారు, 6 కోట్లకు పైగా చనిపోతున్నారు. నికరంగా రోజుకు ఒక లక్షా 90 వేల మంది చేరుతున్నారు. రాకెట్‌కు వంద మందిని ఎక్కిస్తామని స్పేస్ఎక్స్ చెబుతోంది. ఆ వంద నిజమే అనుకున్నా, జనాభా పెరగకుండా ఆపడానికే రోజుకు 1,900 రాకెట్లు, అంటే నిమిషానికి ఒకటి కంటే ఎక్కువ ఎగరాలి. శ్రీహరికోటలో ఏడాది పొడుగునా జరిగే ప్రయోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి వలసతో భూభారం తగ్గించే మాట పక్కన పెట్టేయవచ్చు. పైన జనం పెరగాలంటే పైనే పుట్టాలి.

లక్ష కోట్లంటే ఇవాళ్టి జనాభా ఏడుసార్లు రెట్టింపు కావాలి. మనుషులు ఇంతకుముందు ఏడుసార్లు రెట్టింపు కావడానికి సుమారు మూడు వేల ఏళ్లు పట్టిందని చరిత్రకారుల అంచనా. చివరి రెండు రెట్టింపులు మాత్రం ఒక్కొక్కటీ యాభై ఏళ్లలోపే పూర్తయ్యాయి. అది టీకాలు, పెన్సిలిన్, ఎరువులు వచ్చి మరణాలు ఒక్కసారిగా పడిపోయి, జననాలు ఇంకా పడిపోని ఆ మధ్యకాలపు విడ్డూరం. అలాంటి మధ్యకాలం మళ్ళీ రాదు. చావులు ఇప్పటికే తగ్గాయి. పుట్టుకలు కూడా తగ్గాయి.

సరే, పైన స్త్రీకి సగటున ఎంతమంది పుడతారు? ఆ ఆవాసంలో ఉండేదెవరో ఆలోచించండి. అందరూ చదువుకున్నవారు, అందరూ నగరవాసులే, చదరపు అడుగు ధర ఏ నగరం కన్నా ఎక్కువ, పీల్చే గాలి కూడా తయారు చేసుకోవాల్సిందే. పిల్లవాడు పాతికేళ్లు వచ్చేదాకా ఏ పనికీ రాడు, ఎందుకంటే అక్కడ పనులన్నీ చదువుకున్నవాళ్ళ పనులు. పిల్లలు తగ్గడానికి భూమ్మీద ఏ కారణాలు చెప్పుకుంటామో అవన్నీ అక్కడ పోగుపడి ఉంటాయి. సియోల్‌కు పైన మరో సియోల్. స్త్రీకి ఒకటిన్నర అని దయతలిచి వేసినా, ప్రతి తరం ముందు తరంలో పదింట ఏడు వంతులకు దిగుతుంది. పదివేల మందితో మొదలైన ఊరు నాలుగు తరాలకు రెండున్నర వేలు. కొత్త బిడ్డల కంటే భూమి నుంచి వచ్చే కొత్త ఉద్యోగులే ఎక్కువ కావాలి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో లండన్‌లో పుట్టేవారికంటే చనిపోయేవారు ఎక్కువ. అయినా నగరం పెరిగింది, పల్లెల పిల్లల్ని మింగుతూ. అంతరిక్షానికి పల్లె భూమి. ఆ పల్లెలో పిల్లలు తక్కువైపోతున్న కాలంలో ఈ నగరం కడతామంటున్నారు.

ఇంకొకటి ఉంది, దాని గురించి వీడియోల్లో సాధారణంగా నోరు మెదపరు. అంతరిక్షంలో ఇంతవరకు ఒక్క మనిషీ పుట్టలేదు. గర్భంతో ఉన్న ఎలుకల్ని 1983లో సోవియట్ ఉపగ్రహంలో పంపారు, అవి భూమికి తిరిగొచ్చాకే ఈనాయి. 1990లో సోవియట్ అంతరిక్ష కేంద్రం మీర్‌లో కౌజు పిట్టల గుడ్లు పొదిగించారు. పిల్లలు బయటికి వచ్చాయి గానీ బరువులేని చోట వాటికి నిలదొక్కుకోవడమే చేతకాలేదు. అంగారకుడి మీద బరువు భూమ్మీది దానిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అంత బరువులో తొమ్మిది నెలలు ఎదిగిన బిడ్డ ఎముకలు ఎలా ఉంటాయో ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ ప్రయోగం ఎవరి బిడ్డ మీద చేస్తారు?

రంగం, దుబాయి, అంటార్కిటికా

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. వలసలు ఎప్పుడూ కష్టంగానే మొదలవుతాయి, చివరికి దేశాలవుతాయి. అమెరికా అలాగే అయింది గదా అంటారు. నిజమే. 1620లో మేఫ్లవర్ ఓడలో దిగినవాళ్ళు వంద మందికి కాస్త పైన, మొదటి చలికాలంలోనే సగం మంది పోయారు. వాళ్ళ సంతతి ఇవాళ కోట్లలో ఉందని అంచనా. అక్కడ నేల ఉచితంగా దొరికింది, ఆ నేల అప్పటికే ఇతరులదన్న మాట వేరు. పదేళ్ల పిల్లవాడు పొలంలో పనికొచ్చేవాడు. పిల్లవాడే ఆస్తి అయిన చోట పిల్లలు పుడతారు.

మనవాళ్ళు వెళ్ళిన వలసలన్నీ అలాంటివి కావు. గోదావరి, విశాఖ ప్రాంతాల నుంచి వేలకువేల మంది రంగం, అంటే బర్మా వెళ్ళారు, రంగూన్ రేవులో మూటలు మోశారు, వడ్ల మిల్లుల్లో పనిచేశారు. వెళ్ళింది ఎక్కువగా మగవాళ్ళు. భార్యాబిడ్డలు ఇక్కడే. పంట కాలానికి వెళ్ళి, డబ్బు కూడబెట్టి తిరిగొచ్చేవారు. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడేసరికి అడవుల్లో పడి ఇంటిముఖం పట్టారు, దారిలో పోయినవాళ్ళు పోగా. ఇప్పటి దుబాయి కూడా ఆ బాపతే. 1971లో దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశ జనాభా మూడు లక్షల ప్రాంతంలో ఉండేది, ఇప్పుడు కోటి దాటింది. ఆ పెరిగినవాళ్ళలో ఎక్కువమంది అక్కడ పుట్టలేదు. కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో, కేరళలో, బంగ్లాదేశ్‌లో పుట్టారు. ప్రతి స్త్రీకి సుమారు ఇద్దరు పురుషులున్న దేశం అది. వీసా అయిపోతే ఇంటికే.

అంతరిక్ష ఆవాసం అమెరికాలా ఉంటుందా, దుబాయిలా ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. దుబాయిలా ఉంటుందనడానికి నా దగ్గర మంచి సాక్ష్యం ఒకటుంది, అంటార్కిటికా. గాలి ఉంది, నీళ్ళు మంచుగా ఉన్నాయి, విమానం వెళ్ళగలదు. అంగారకుడితో పోలిస్తే స్వర్గం. మనవాళ్ళు 1983 నుంచి అక్కడ కేంద్రాలు నడుపుతున్నారు, మైత్రి, భారతి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వేసవిలో ఖండమంతా కలిపి ఐదు వేల మంది, చలికాలంలో వెయ్యి మంది. అందులో శాశ్వత నివాసి ఒక్కరూ లేరు. అర్జెంటీనా ఆ నేల తమదని చాటుకోవడానికి నెలలు నిండుతున్న గర్భిణిని విమానంలో తన ఎస్పెరాంజా స్థావరానికి పంపింది. 1978 జనవరిలో ఎమీలియో పాల్మా పుట్టాడు, ఆ ఖండంలో పుట్టిన మొదటి మనిషి. ఆ తర్వాత మరికొందరు పుట్టారు, చిలీ వాళ్ళు కుటుంబాలతో ఒక చిన్న ఊరే పెట్టారు. ఆ ఊళ్ళో ఎక్కువకాలం ఉండేవారు ముందే ఉండుకం (అపెండిక్స్) తీయించుకుని వెళ్ళాల్సి వచ్చేది, పెద్దలే కాదు, పిల్లలు కూడా. దగ్గర్లో పెద్దాసుపత్రి లేదు మరి. ప్రభుత్వాలు డబ్బు పోసి, జెండా పాతి, పిల్లల్ని కనేలా చేసినా అక్కడ జనాభా అనేది ఏర్పడలేదు.

నాకున్న అనుమానాలు

నా వాదనకు గట్టి దెబ్బ అమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళ నుంచి రావచ్చు. అమెరికాలోనే ఉంటూ, కారూ కరెంటూ వద్దనుకుని, ఇంటికి అరడజను మందిని కంటున్నారు. వాళ్ళ సంఖ్య సుమారు ఇరవై ఏళ్లకోసారి రెట్టింపవుతోంది. ఇజ్రాయెల్ సంపన్న దేశమే, అక్కడ స్త్రీకి సగటున ముగ్గురికి దగ్గరగా ఉన్నారు. కాబట్టి డబ్బూ చదువూ వస్తే పిల్లలు తగ్గి తీరతారన్నది ప్రకృతి నియమం కాదు. పిల్లలు కావాలనుకునేవాళ్ళ పిల్లలే రేపటి జనాభా. రెండు మూడు వందల ఏళ్లు గడిస్తే వద్దనుకున్నవాళ్ళ మనవలు ఉండరు, కావాలనుకున్నవాళ్ళ మునిమనవలే ఉంటారు. ఏదో ఒక మత సమూహం గట్టి పట్టుదలతో అంతరిక్షానికి వెళ్ళి స్థిరపడితే, ఆవాసం కట్టిన కంపెనీ లెక్కలన్నీ పక్కకు పోయి వాళ్ళ లెక్కే నిజం కావచ్చు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు.

పసిఫిక్ సముద్రంలోని పిట్‌కెర్న్ ద్వీపం కథ మాత్రం నాకు కాస్త ధైర్యమిస్తుంది. 1790లో బౌంటీ అనే బ్రిటిష్ ఓడ మీద తిరుగుబాటు చేసిన నావికులు తొమ్మిది మంది, వాళ్ళతో వచ్చిన తాహితీ స్త్రీపురుషులు కలిపి పాతిక మందికి కాస్త పైగా అక్కడ దిగారు. కొన్నేళ్లలో ఒకరినొకరు చంపుకోగా మగవాళ్ళు దాదాపు మిగల్లేదు. పిల్లలు మిగిలారు. 1856 నాటికి ద్వీపం పట్టనంతమంది అయ్యారు, 193 మందిని నార్ఫోక్ ద్వీపానికి తరలించారు. కొందరు తిరిగొచ్చారు, మళ్ళీ పెరిగారు. ఈ కథ ఇక్కడ ఆపితే బెజోస్‌దే గెలుపు. ఇవాళ ఆ ద్వీపంలో యాభై మంది కూడా ఉండటం కష్టం. ఇంటి స్థలం ఉచితంగా ఇస్తాం రండన్నా వచ్చేవాళ్ళు లేరు. తరిమిందెవరూ లేరు, కరవూ రాలేదు. న్యూజిలాండ్ వెళ్ళే ఓడ ఉంది, పిల్లలు ఆ ఓడ ఎక్కారు.

రిచర్డ్ గాట్ అనే ఖగోళ భౌతికశాస్త్రజ్ఞుడి లెక్క గురించి కూడా చెప్పాలి, అది వేరే దారి. మనం మానవజాతి చరిత్రలో ఏ ప్రత్యేక స్థానంలోనూ లేమనుకుంటే, ఇప్పటిదాకా పుట్టినవారి సంఖ్య నుంచే ఇకముందు పుట్టబోయేవారి సంఖ్యకు హద్దులు గీయవచ్చన్నాడు 1993లో. అప్పటిదాకా పుట్టినవారు ఏడు వేల కోట్లనుకుంటే, ఇకపై పుట్టేది 180 కోట్లకూ, రెండు లక్షల 70 వేల కోట్లకూ మధ్య. 95 శాతం నమ్మకంతో. తమాషా ఏమిటంటే కింది హద్దును మనం ఇప్పటికే దాటేశాం, ఈ ముప్పై ఏళ్లలో నాలుగు వందల కోట్ల మందికి పైగా పుట్టారు. పై హద్దు దగ్గర ఒక చిన్న ఊరట. ఒకే కాలంలో లక్ష కోట్ల మంది బతకాలంటే ఆ కోటా రెండు మూడు జీవితకాలాల్లోనే ఖర్చయిపోతుంది. అయితే ఇదంతా మనిషి గురించి ఏమీ తెలియకుండా వేసిన లెక్క. అందులో తల్లీ లేదు, ఫీజూ లేదు, ఓడా లేదు. చదివి ఆనందించాను, దాని మీద వాదన నిలబెట్టను.

అంకె చెప్పమంటే

అభిప్రాయాలు సరే, అంకె చెప్పమంటారు. 2100లో భూమ్మీద 900 కోట్లకు కాస్త అటూ ఇటూ అంటాను, ఐక్యరాజ్యసమితి కంటే తక్కువ. ఆఫ్రికాలో తగ్గుదల వాళ్ళు అనుకున్న దానికంటే వేగంగా ఉంటుందని నా అనుమానం. అక్షరం రాని ఆంధ్ర తల్లులు పాతికేళ్లలో చేసిన పనిని నైజీరియా తల్లులు చేయలేరనుకోవడానికి నాకు కారణం కనిపించదు. అంతరిక్షంలో కొన్ని వందల మంది, బాగా కలిసొస్తే కొన్ని వేలు. దాదాపు అందరూ డ్యూటీ మీద వెళ్ళి తిరిగొచ్చేవారే. 2000 నవంబరు 2 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు, అయినా అక్కడ మామూలుగా ఉండేది ఏడుగురు. భూకక్ష్యలో ఒకేసారి ఉన్నవారి రికార్డు 19, అది 2024 సెప్టెంబరులో. పాతికేళ్లు గడిచినా సంగతి ఇంతే.

ఈ లెక్క తప్పని నాకు ఎవరైనా చూపించాలంటే రాకెట్ ఖర్చు ఎంత తగ్గిందో చెప్పనక్కర్లేదు. గొట్టం పొడవు కూడా వద్దు. ఆవాసంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు స్త్రీలు ఎంతమంది, వాళ్ళకు సగటున ఎంతమంది పిల్లలు, ఆ పిల్లల్లో ఇరవై ఏళ్లు నిండాక భూమికి వెళ్ళిపోయేవారు ఎంతమంది, ఈ మూడూ వేసిన పట్టిక చూపించమనండి. అక్కడే పుట్టి పెరిగిన ఒకమ్మాయి, వెళ్ళిపోయే అవకాశం ఉండి కూడా, అక్కడే రెండో బిడ్డను కన్నదన్న వార్త వచ్చిన రోజున నా అంకె మార్చుకుంటాను. మొదటి బిడ్డ సంగతి నాకు అక్కర్లేదు, దాన్ని ప్రభుత్వాలు అర్జెంటీనా లాగా కనేలా చేయగలవు.